సున్నా శాతం రేటింగ్ వచ్చాక: అలాగే ఉంచుకోవాలా, సవాలు చేయాలా, పెంచమని అడగాలా?

మా తమ్ముడు అమెరికా సైన్యంలో పనిచేసి 2021లో బయటికొచ్చాడు. సర్వీసులో ఉండగా కుడి మోకాలు దెబ్బతింది. వీఏ నుంచి, అంటే అక్కడి మాజీ సైనికుల శాఖ నుంచి, ఆ ఏడాదే నిర్ణయం ఉత్తరం వచ్చింది. మోకాలి సమస్య సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకుంటున్నాం, వైకల్యం తీవ్రతకు ఇచ్చే రేటింగ్ 0 శాతం అని అందులో ఉంది. "సున్నా ఇచ్చారక్కా, ఏమీ రాదు" అని ఫోన్లో చెప్పి ఆ కాగితాన్ని సొరుగులో పడేశాడు.

2023 వేసవిలో ఇల్లు కొన్నాడు. 4 లక్షల డాలర్ల వీఏ లోన్, అంటే వీఏ హామీ మీద వచ్చే అప్పు. దానికి వీఏకు ఒకసారి కట్టే రుసుమే ఫండింగ్ ఫీజు. డౌన్ పేమెంట్ లేకుండా మొదటిసారి తీసుకునేవాళ్లకు ఫండింగ్ ఫీజు 2.15 శాతం కాబట్టి 8,600 డాలర్లు అప్పులో కలిశాయి. 2024 చివర్లో ఎవరో చెబితే మళ్లీ క్లెయిమ్ వేశాడు, 10 శాతం వచ్చింది. కానీ అది కొత్త క్లెయిమ్ తేదీ నుంచే లెక్క. 10 శాతం పరిహారం అందుకునేవాళ్లకు ఫండింగ్ ఫీజే లేదు. మొదటి ఉత్తరం వచ్చిన ఏడాదిలోపు సరైన ఆధారంతో కదిలి ఉంటే, ఆ 10 శాతం ఇల్లు కొనకముందు తేదీకి వెళ్లే వీలుండేది. 8,600 డాలర్లు మిగిలేవి.

సున్నా అంటే "ఏమీ లేదు" అని కాదు. మీ జబ్బుకూ మీ సర్వీసుకూ సంబంధం ఉందని, అంటే అది "సర్వీస్ కనెక్టెడ్" అని, ప్రభుత్వం రాసిచ్చింది. అన్నిటికంటే కష్టమైన మెట్టు అదే. మిగిలింది, ఆ జబ్బు ఈ రోజు ఎంత తీవ్రంగా ఉందన్న లెక్క. అది మారొచ్చు.

## ముందు తేల్చుకోవాల్సినవి నాలుగు

మీ లక్షణాలు 10 శాతం గీతను తాకుతున్నాయా? ప్రతి జబ్బుకూ వీఏ దగ్గర ఒక కోడ్, దాని కింద శాతాల వారీగా లక్షణాలు ఉంటాయి. నిర్ణయం ఉత్తరంలోనే "పై రేటింగ్‌కు ఇవి కావాలి" అని రాసి ఉంటుంది. చాలామంది చదవని పేరా అదే. కొన్ని ఉదాహరణలు:

- మోకాలు, భుజం లాంటి కీళ్లు: కదిపితే నొప్పి ఉందని నమోదైతే, ఆ కీలుకు ఉన్న కనీస చెల్లింపు రేటింగ్ ఇవ్వాలన్నది నియమాల ఉద్దేశం. మోకాలికైతే అది 10 శాతం.
- మానసిక సమస్యలు: నిర్ధారణ అయినా లక్షణాలు పనికీ మనుషులతో మెలగడానికీ అడ్డు రాకపోతే, మందులు నిరంతరం అవసరం లేకపోతే సున్నా. రోజూ మందు వాడితేనే అదుపులో ఉంటే అది 10 శాతం వర్ణన.
- మైగ్రేన్: మంచాన పడేసే నొప్పి గత కొన్ని నెలల్లో సగటున రెండు నెలలకోసారి వస్తుంటే 10 శాతం. అంతకంటే అరుదైతే సున్నా.
- మచ్చలు: ఒకటి రెండు మచ్చలు నొప్పి పెడుతున్నా 10 శాతం.

ఉత్తరం మీద తేదీ నుంచి ఏడాది అయిందా? కాకపోతే మీ చేతిలో ఒక తలుపు ఎక్కువ ఉంది.

మీ ఇంటి ఆదాయం ఎంత? సున్నా రేటింగ్‌తో వీఏ వైద్యం ఎంతవరకు దొరుకుతుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

వచ్చే ఒకటి రెండేళ్లలో ఏం చేయబోతున్నారు? ఇల్లు కొనడం, ఫెడరల్ ఉద్యోగం, మళ్లీ చదువు, ఇండియాకు తిరిగి రావడం. ఒక్కోదానికి సున్నా విలువ ఒక్కోలా ఉంటుంది.

## సున్నాకూ పదికీ తేడా

| విషయం | 0 శాతం | 10 శాతం |
|---|---|---|
| నెలవారీ పరిహారం | లేదు | 2025లో 175.51 డాలర్లు, పన్ను లేదు |
| ఆ జబ్బుకు వీఏ వైద్యం | ఉచితం | ఉచితం |
| మిగతా జబ్బులకు వైద్యం | ఆదాయాన్ని బట్టి | ఆదాయంతో పనిలేకుండా నమోదు (3వ ప్రాధాన్య గ్రూపు) |
| వీఏ హోమ్ లోన్ ఫండింగ్ ఫీజు | కట్టాలి | మినహాయింపు |
| ఫెడరల్ ఉద్యోగంలో ప్రాధాన్యం | 10 పాయింట్లు | 10 పాయింట్లు, చాలా పోస్టుల్లో పై వర్గంలోకి |
| వీఏలైఫ్ బీమా | అర్హత ఉంది | అర్హత ఉంది |
| సైనిక స్థావరాల్లోని కమిసరీ, ఎక్స్ఛేంజ్ దుకాణాలు | అర్హత ఉంది | అర్హత ఉంది |
| ఉద్యోగ శిక్షణ (చాప్టర్ 31) | లేదు | దరఖాస్తు చేయొచ్చు |
| ఆ జబ్బు వైద్యానికి ప్రయాణ ఖర్చు | అడగొచ్చు | అడగొచ్చు |

పట్టికలో ఎక్కువ వరుసలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. గట్టి తేడా ఉన్నవి నెలవారీ డబ్బు, ఫండింగ్ ఫీజు, చాప్టర్ 31, మిగతా జబ్బుల వైద్యం. ఈ నాలుగూ మీకు అవసరం లేకపోతే సున్నాతో ఉండిపోవడం తప్పేమీ కాదు.

ఒక మినహాయింపు చాలామందికి తెలియదు. సున్నా రేటింగ్ ఉన్నా కొన్ని సమస్యలకు ప్రత్యేక నెలవారీ భత్యం రావొచ్చు. అంగస్తంభన సమస్యను వీఏ సాధారణంగా 0 శాతంగానే లెక్కిస్తుంది. కానీ దానికి ఎస్ఎంసీ-కె అనే భత్యం ఉంది, 2025లో నెలకు 136.06 డాలర్లు. సిగ్గుపడి చెప్పకపోవడం వల్ల మన మగవాళ్లు పోగొట్టుకునే డబ్బు ఇది. మధుమేహం, రక్తపోటు మందులు, మానసిక సమస్యల మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను నేరుగా అడగండి.

## మొదటి దారి: సున్నాను అలాగే ఉంచుకుని వాడుకోవడం

ఇందులో పని తక్కువ, టెన్షన్ లేదు. కానీ ఊరుకుంటే ఏదీ దానంతట అది రాదు. ఒక్కోటి అడిగి తీసుకోవాలి.

వైద్యంతో మొదలుపెడదాం. ఆదాయం వీఏ పరిమితి లోపల ఉంటే 5వ ప్రాధాన్య గ్రూపులో నమోదవుతారు, అన్ని జబ్బులకూ వైద్యం అందుతుంది. భార్యాభర్తలిద్దరూ ఐటీలో పనిచేసే మన ఇళ్లలో ఆదాయం ఆ పరిమితి దాటుతుంది. అప్పుడు పూర్తి నమోదు కుదరకపోవచ్చు కానీ, సర్వీస్ కనెక్టెడ్ అని రాసిచ్చిన ఆ ఒక్క సమస్యకు మాత్రం వైద్యం దొరుకుతుంది, దానికి మీరు కట్టాల్సిన వాటా (కో-పే) ఉండదు. ఇంకో మాట. సర్వీసులో విషపదార్థాల ప్రభావానికి గురైనవాళ్లు 2024 మార్చి 5 నుంచి క్లెయిమ్‌తో పనిలేకుండా నేరుగా వైద్యానికి నమోదు చేసుకోవచ్చు. ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లలో పనిచేసినవాళ్లు ఆదాయం ఎక్కువని ఆగిపోకుండా ఈ దారిన అడగాలి.

వినికిడి విషయంలో సున్నా విలువ స్పష్టంగా కనిపిస్తుంది. వినికిడి లోపానికి సున్నా రావడం చాలా మామూలు. ఆ సున్నా ఉన్నా, లోపం వల్ల మాటలు అర్థం కావడం కష్టమవుతుంటే వీఏ హియరింగ్ ఎయిడ్స్ ఇస్తుంది, బ్యాటరీలతో సహా. బయట కొనాలంటే వేల డాలర్లు.

పంటి విషయంలోనూ ఇలాంటిదే ఉంది. యుద్ధ గాయం వల్లో సర్వీసులో తగిలిన దెబ్బ వల్లో పళ్లు పాడై సున్నా రేటింగ్ వస్తే, పళ్లు పనిచేసే స్థితిలో ఉంచడానికి కావాల్సిన చికిత్స పొందొచ్చు.

బీమా సంగతి వయసు మీద పడుతున్నవాళ్లకు ముఖ్యం. 2023 జనవరి 1న మొదలైన వీఏలైఫ్‌కు 80 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న సర్వీస్ కనెక్టెడ్ వెటరన్లు (మాజీ సైనికులు) ఎవరైనా అర్హులే, సున్నా అయినా సరే. వైద్య పరీక్షలు లేవు, ఆరోగ్య ప్రశ్నలు లేవు. 10,000 డాలర్ల చొప్పున 40,000 దాకా తీసుకోవచ్చు. చేరినప్పటి వయసును బట్టి ప్రీమియం ఖరారవుతుంది, తర్వాత పెరగదు. మెలిక ఒక్కటే: మొదటి రెండేళ్లలో మనిషి పోతే పూర్తి మొత్తం రాదు, కట్టిన ప్రీమియం వడ్డీతో తిరిగొస్తుంది. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడికి బయట టర్మ్ పాలసీ మేలని నా అభిప్రాయం. గుండెకు స్టెంట్ పడి, బయటి కంపెనీలు వెనక్కి పంపేసిన యాభై ఐదేళ్ల మనిషికి మాత్రం ఇది నిజంగా పెద్ద అండ.

ఫెడరల్ ఉద్యోగానికి ఎస్ఎఫ్-15 ఫారం, డీడీ-214 (సైన్యం నుంచి విడుదల పత్రం), వీఏ ఉత్తరం జతచేస్తే 10 పాయింట్ల ప్రాధాన్యం. పోస్టులను వర్గాలుగా విభజించి ఎంపిక చేసే చోట 10 శాతం, ఆపైన ఉన్నవాళ్లను చాలావరకు పై వర్గంలోకి తీసుకెళ్తారు. సున్నా ఉన్నవాళ్లు తమ వర్గంలోనే, ప్రాధాన్యం లేనివాళ్లకంటే ముందుంటారు.

కమిసరీ, ఎక్స్ఛేంజ్ దుకాణాలు 2020 జనవరి 1 నుంచి సర్వీస్ కనెక్టెడ్ వెటరన్లకు తెరిచారు. బేస్‌కు దగ్గర్లో ఉంటే సరుకుల ఖర్చు తగ్గుతుంది. లేకపోతే దీనికోసం ఆరాటపడక్కర్లేదు.

ఇండియాతో రాకపోకలు ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్. సర్వీస్ కనెక్టెడ్ సమస్యకు అమెరికా బయట చేయించుకున్న వైద్యానికి వీఏ డబ్బు చెల్లించే పథకం ఇది. విజయవాడలో అమ్మానాన్నల దగ్గరకొచ్చినప్పుడు మోకాలు పట్టేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకున్నా, హైదరాబాద్‌లో స్థిరపడ్డా వర్తిస్తుంది. ముందే నమోదు చేసుకోండి. బిల్లు మీద జబ్బు పేరు, చేసిన చికిత్స, తేదీ స్పష్టంగా రాయించుకోండి. చికిత్స జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ పంపాలి.

## రెండో దారి: ఏడాదిలోపు నిర్ణయాన్ని సవాలు చేయడం

2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో మూడు మార్గాలున్నాయి. ఏడాదిలోపు ఏది ఎంచుకున్నా మొదటి క్లెయిమ్ తేదీ నిలబడుతుంది. తర్వాత 10 శాతం వస్తే బకాయిలు అప్పటినుంచి లెక్క కడతారు.

| మార్గం | ఎప్పుడు సరిపోతుంది | కొత్త ఆధారం |
|---|---|---|
| హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996 | ఫైల్లో ఉన్న ఆధారమే చాలు, లెక్క తప్పింది అనిపిస్తే | ఇవ్వకూడదు |
| సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995 | ఫైల్లో లేనిది మీ దగ్గర ఉంటే | తప్పనిసరి |
| బోర్డ్ అప్పీల్, ఫారం 10182 | న్యాయమూర్తి చూడాలనుకుంటే | ఎంచుకున్న విధానాన్ని బట్టి |

మొదటి రెండూ కొన్ని నెలల్లో తేలే అవకాశం ఉంది. బోర్డ్‌కు ఏడాది దాటి పట్టొచ్చు, విచారణ కోరితే ఇంకా ఎక్కువ.

ఏది ఎంచుకోవాలో తెలియాలంటే ముందు రేటింగ్ కోసం వీఏ చేయించిన వైద్య పరీక్ష నివేదిక తెప్పించుకుని చదవండి. "మోకాలు వంచితే నొప్పి" అని పరీక్షకుడు రాసినా సున్నా వచ్చిందనుకోండి, రివ్యూ అడగండి. అందులో రివ్యూ చేసే అధికారితో ఫోన్లో మాట్లాడే అవకాశం కూడా కోరవచ్చు. నివేదికలో నొప్పి ప్రస్తావనే లేదనుకోండి, రివ్యూ వల్ల ఉపయోగం లేదు. మీ డాక్టర్ నోట్స్, ఫిజియోథెరపీ రికార్డులు, ఇంట్లోవాళ్ల వాంగ్మూలంతో సప్లిమెంటల్ వేయాలి.

మా తమ్ముడిది రెండో రకం. పరీక్షలో "ఎలా ఉంది?" అని అడిగితే "పర్లేదు, బాగానే ఉంది" అన్నాడు. మన ఇళ్లలో నొప్పి చెప్పుకోవడం అలవాటు లేదు, పైగా ఏళ్లపాటు సైన్యం. ఆ ఒక్క మాట కాగితం మీదికెక్కింది. పరీక్షలో పెంచి చెప్పొద్దు, తగ్గించి కూడా చెప్పొద్దు. బాగాలేని రోజు ఎలా ఉంటుందో, అది నెలకు ఎన్నిసార్లు వస్తుందో, ఆ రోజు ఏ పని చేయలేకపోతారో చెప్పండి.

వినికిడి రేటింగ్‌లో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే నియమం ఉంది. పరీక్షలో ఇంగ్లీషు మాటల జాబితా వినిపించి తిరిగి చెప్పమంటారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల విషయంలో భాషా ఇబ్బంది వల్ల ఆ మాటల పరీక్ష సరిపడదని పరీక్షకుడు ధ్రువీకరిస్తే, శబ్ద స్థాయిల ఆధారంగా మాత్రమే ఉండే మరో పట్టికతో రేటింగ్ కడతారు. మాటలు సరిగా పట్టుకోలేకపోవడం చెవి వల్లా, యాస వల్లా అన్నది మీకే సందేహంగా ఉంటే ఆడియాలజిస్ట్‌కు అక్కడే చెప్పండి.

## మూడో దారి: తర్వాత పెంపు క్లెయిమ్ వేయడం

ఏడాది దాటిపోయిందా, లేదా అప్పటికి సున్నా సరైనదే కానీ ఇప్పుడు ముదిరిందా? అయితే ఫారం 21-526ఈజెడ్‌తో పెంపు అడగాలి. మామూలుగా క్లెయిమ్ తేదీ నుంచి లెక్క. ముందటి ఏడాదిలోనే జబ్బు పెరిగిందని వైద్య రికార్డులు చూపిస్తే, ఒక ఏడాది వరకు వెనక్కి వెళ్లే వీలుంది. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. రికార్డు లేని నొప్పిని వీఏ లెక్కించలేదు.

క్లెయిమ్‌కు కాగితాలు ఇంకా సిద్ధంగా లేకపోతే ముందు "ఇంటెంట్ టు ఫైల్", అంటే క్లెయిమ్ వేయబోతున్నానన్న నోటీసు, పెట్టండి. తేదీ అక్కడ ఆగిపోతుంది, పూర్తి క్లెయిమ్‌కు ఏడాది గడువు ఉంటుంది.

నష్టం ఉందా? మీకున్నది ఒక్క సున్నా రేటింగే అయితే దిగడానికి కింద మెట్టు లేదు. సర్వీస్ కనెక్షన్ తీసేయడానికి వీఏకు చాలా గట్టి కారణం కావాలి. పదేళ్లు నిలిచిన కనెక్షన్‌ను మోసం లాంటి కారణాలతో తప్ప తీసేయలేరు, ఆ పదేళ్ల లెక్కలో సున్నా రేటింగ్ కాలం కూడా కలుస్తుంది. అదే మీకు వేరే జబ్బులకు 30, 50 శాతం రేటింగ్‌లు ఉంటే కాస్త ఆలోచించండి. ఫైలు తెరిచినప్పుడు అవి కూడా కంటబడొచ్చు, వాటిలో ఏదైనా ఈ మధ్య బాగా తగ్గి ఉంటే ముఖ్యంగా. 10 శాతానికి వచ్చే నెలవారీ డబ్బు కోసం అంతకంటే పెద్దదాన్ని కదిలించడం అందరికీ మంచిది కాదు.

పరీక్షకు పిలిస్తే మాత్రం వెళ్లి తీరాలి. సరైన కారణం లేకుండా వెళ్లకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

## నాలుగో దారి: సున్నాను పునాదిగా వాడుకోవడం

దీన్ని చాలామంది అసలు పట్టించుకోరు. సర్వీస్ కనెక్టెడ్ జబ్బు వల్ల మరో జబ్బు వస్తే, దాన్ని కూడా సర్వీస్ కనెక్టెడ్‌గా గుర్తించమని అడగొచ్చు. కుంటుతూ నడిచి నడిచి నడుం పాడైందనుకోండి, మోకాలు సున్నాలో ఉన్నా నడుముకు రేటింగ్ రావొచ్చు. రక్తపోటుకు సున్నా ఉండి, అది కిడ్నీలను దెబ్బతీస్తే కిడ్నీ జబ్బుకు రావొచ్చు. దీనికి డాక్టర్ రాసే అభిప్రాయం ప్రాణం. ఒకటి రెండోదానికి కారణమయ్యే అవకాశం కనీసం సగానికి సగం ఉందని, ఎందుకో వివరిస్తూ రాయాలి.

రెండు లేదా అంతకంటే ఎక్కువ సున్నాలు ఉన్నవాళ్లకు ఇంకో నియమం ఉంది, వీఏ నియమావళిలోని సెక్షన్ 3.324. శాశ్వతమైన ఆ సమస్యలన్నీ కలిసి మామూలు ఉద్యోగం చేసుకోవడానికి స్పష్టంగా అడ్డుపడుతుంటే, ఏ ఒక్కటీ పదికి చేరకపోయినా మొత్తం మీద 10 శాతం ఇవ్వొచ్చు. వేరే చెల్లింపు రేటింగ్ ఏదీ ఉండకూడదు. క్లెయిమ్‌లో ఈ సెక్షన్ పేరు రాసి అడగండి, దాంతో పాటు మేనేజర్ రాసిన ఉత్తరం, సెలవుల రికార్డు పెట్టండి.

## మీది ఏ పరిస్థితి?

ఉత్తరం వచ్చి ఏడాది కాలేదు, నొప్పి ఉంది. రెండో దారే. వేరే ఆలోచన వద్దు. గడువు తేదీని ఫోన్‌లో పెట్టుకోండి.

మంచి జీతం, కంపెనీ ఇన్సూరెన్స్, ఇల్లు కొనబోతున్నారు. 10 శాతానికి వచ్చే నెలవారీ డబ్బు మీకు పెద్దగా అనిపించకపోవచ్చు, కానీ ఫండింగ్ ఫీజు వేలల్లో ఉంటుంది. క్లోజింగ్‌కు, అంటే లోన్ కాగితాల మీద సంతకాలై ఇల్లు చేతికొచ్చే రోజుకు, ముందే క్లెయిమ్ వేయండి. నిర్ణయం తర్వాత వచ్చినా, అమలు తేదీ క్లోజింగ్‌కు ముందుదైతే కట్టిన ఫీజు వాపసు అడగొచ్చు.

చదువుకుంటున్నారు, ఆదాయం తక్కువ. ముందు వీఏ వైద్యంలో నమోదవ్వండి. అక్కడ చూపించుకునే ప్రతిసారీ రికార్డు తయారవుతుంది, తర్వాత పెంపు క్లెయిమ్‌కు అదే బలం.

లక్షణాలు నిజంగానే తక్కువ. సున్నా సరైనదే. అలాగే ఉంచుకోండి, ఏడాదికోసారి డాక్టర్‌కు చూపించుకోండి, ఉద్యోగ ప్రాధాన్యం వాడుకోండి. లేనిదాన్ని ఉన్నట్టు రాయించుకోమని చెప్పేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

వయసైంది, ఆరోగ్యం బాగాలేదు. వీఏలైఫ్ చూడండి, నాలుగో దారి చూడండి.

క్లెయిమ్ రాసిపెట్టడానికి ఎవరికీ డబ్బివ్వొద్దు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంస్థల్లో పనిచేసే, గుర్తింపు పొందిన ప్రతినిధులు, కౌంటీ సర్వీస్ ఆఫీసర్లు ఉచితంగా చేస్తారు. మొదటి క్లెయిమ్‌కు ఫీజు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. గుర్తింపు ఉన్న లాయర్ కూడా వీఏ నిర్ణయం వచ్చాకే ఫీజు తీసుకోవాలి. "పెరిగిన రేటింగ్‌కు ఐదు నెలల డబ్బు మాకివ్వండి" అనే కంపెనీ ఫోన్ చేస్తే పెట్టేయండి.

చివరగా, ఆ ఉత్తరం ఎక్కడుందో మీ ఆవిడకో, ఆయనకో చూపించండి. సర్వీస్ కనెక్టెడ్ జబ్బు వల్లే వెటరన్ చనిపోతే, రేటింగ్ సున్నా అయినా సరే, అర్హత ఉన్న జీవిత భాగస్వామికి డీఐసీ అనే నెలవారీ పరిహారం వస్తుంది. 2025లో అది 1,653.07 డాలర్లు. రక్తపోటుకు సున్నా ఉండి, ఆ రక్తపోటుతోనే స్ట్రోక్ వచ్చి మనిషి పోయాడనుకోండి, ఆ ఇంటికి ఈ కాగితమే ఆధారం. మరణ ధ్రువపత్రంలో కారణాల కింద రక్తపోటు పేరు ఉండేలా డాక్టర్‌తో మాట్లాడాల్సింది కూడా ఇంట్లోవాళ్లే. మా తమ్ముడి ఉత్తరం ఇప్పుడు సొరుగులో లేదు. పాస్‌పోర్టులు, ఇంటి పత్రాలు ఉన్న ఫైల్లో ఉంది, పైన మా మరదలి చేతిరాతతో తేదీ రాసి ఉంది.